నీళ్ళు నమిలిన ఏకబిగి

ఆ బస్టాండులో బస్సులు వేళకి రాని రోజులు కోకొల్లలు గాని, ఆమె గొంతు రాని రోజు మాత్రం లేదు. విచారణ కౌంటరు పక్కనుంచి ఇనుప మెట్లెక్కితే పైన నల్ల అద్దాల గది ఒకటుంది. అందులో ఒక బల్ల, ఒక మైకు, చేతులు ఊడదీసిన కుర్చీ ఒకటి. ఆ చేతులు ఏమయ్యాయో కాస్త ఆగి చెప్పుకుందాం. పొద్దున బస్సులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికొచ్చే వేళ, ఏది ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది కదులుతోందో, ఏది ఇవాళ్టికి లేనే లేదో, అంతా ఆ కుర్చీలో కూర్చుని గుక్క తిప్పుకోకుండా చెప్పేసేది. అందుకే డ్రైవర్లూ కండక్టర్లూ ఆమెకి ఏకబిగి అని పేరు పెట్టారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకే అప్పుడప్పుడూ తడుముకుంటే గాని గుర్తొచ్చేది కాదు.

ప్రయాణికులకి ఆమె ఒక గొంతు. సన్నగా, తియ్యగా, ఇరవయ్యేళ్ళ పిల్ల గొంతు. ఆ గొంతు వెనకాల పెళ్ళయి, మోకాళ్ళ నొప్పులొచ్చి, గదిలోకి పక్కవాటుగా తిరిగితే తప్ప పట్టని మనిషి ఉందని ఎవరికీ తెలియదు. ఒకసారి ఓ పెద్దమనిషి జుట్టు దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పనిగట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. తలుపు తీసి ఆమెని చూసి, ఆమె వెనక చూసి, "అనౌన్స్ చేసే అమ్మాయి లేదాండీ?" అన్నాడు.

"టీకి వెళ్ళింది," అంది ఆమె.

అతను దిగిపోయాక నవ్వుకుంది. తర్వాత నవ్వలేదు. ఎందుకంటే ఒంట్లో ఎవరూ నవ్వనిది, ఎవరూ వేలు పెట్టి చూపించనిది ఆ గొంతొక్కటే. మిగతా మనిషంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో నానినదే. ఆ నల్ల అద్దాల వెనక కూర్చుని మైకు నొక్కినంతసేపూ ఆమెకి బరువు లేదు.

ఇక కుర్చీ చేతుల సంగతి. ఓ మధ్యాహ్నం ఆమె భోజనానికి లేచింది. కుర్చీ కూడా లేచింది. కూర్చుంటే కూర్చుంది, మళ్ళీ లేస్తే మళ్ళీ లేచింది. చివరికి భర్తకి కబురు పెట్టింది. ఆయన అదే డిపోలో డ్రైవరు, బస్సు పక్కన పెట్టి స్పానరు పట్టుకుని పైకొచ్చాడు. ఒక్క మాట అనకుండా నట్లు విప్పాడు, చేతులు ఊడదీశాడు, ఆమెని విడిపించాడు. విడిపించాక మాత్రం, "టైరు మార్చడం కంటే తేలికే," అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. ఆమె ఆ సాయంత్రమే పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటానని పట్టుబట్టింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేముందు నర్సు ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"చూడండమ్మా, మీ పొట్ట ఇప్పుడు అరటిపండంత. గ్లాసెత్తి గటగటా తాగే రోజులు పోయాయి. ఒక్కో గుటకే తాగాలి. నోట్లో పెట్టుకుని, నమిలి, అప్పుడు మింగాలి."

"నీళ్ళు నమలాలా?" అంది ఏకబిగి.

"నమలాలి. రోజంతా నములుతూనే ఉండాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. భోజనం మధ్యలో తాగకూడదు, సోడాలు ముట్టకూడదు, బరువులెత్తకూడదు. రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ నడవాలి. నీళ్ళు తగ్గాయో, కళ్ళు తిరిగి మళ్ళీ నా దగ్గరికే వస్తారు. నేను మంచిదాన్నే గాని, నన్ను రెండోసారి చూడాలని ఎవరూ కోరుకోరమ్మా."

"రేడియేటరన్న మాట," అన్నాడు డ్రైవరు, అంతా అర్థమైనట్టు తలూపుతూ.

ఎవరైనా ఏదైనా కష్టమంటే, అదెంత పని, మంచినీళ్ళ ప్రాయం అని కొట్టిపారేసే మనిషి ఏకబిగి. ఇప్పుడు మంచినీళ్ళు తాగడం తప్ప లోకంలో అన్నీ మంచినీళ్ళ ప్రాయంగానే కనిపించాయి. కొంచెం తొందరపడి మింగితే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయ్యేది. మందు సీసా మూతలో నీళ్ళు పోసుకుని, నములుతూ, గోడకేసి చూస్తూ కూర్చునేది. నమిలేందుకు ఏమీ లేనిదాన్ని నమలడం ఎంత విసుగో నమిలినవాళ్ళకే తెలుసు.

నడక భారం భర్త నెత్తినేసుకున్నాడు. ఆయన సందు చివరి కొట్టుకి కూడా బండి మీద వెళ్ళే రకం, కడుపులో చల్ల కదలకుండా సీట్లో కూర్చుని జీవితం గడిపినవాడు. కాలినడక రాకపోయినా రూటు వేయడం వచ్చు. వీధిలో ఉన్న గేట్లన్నిటికీ స్టాపులని పేర్లు పెట్టాడు. మొదట్లో నీలం గేటు దాకా, తర్వాత విరిగిన గేటు దాకా, ఆ తర్వాత కుక్క గేటు దాకా పొడిగించాడు.

"ఏవండీ, ఇక్కడ ఆగుదామండీ, ఆయాసంగా ఉంది."

"ఇక్కడ స్టాపు లేదోయ్."

"కుక్క వస్తోందండీ!"

"అయితే ఎక్స్‌ప్రెస్సు, ఆగదు. రైట్ రైట్!" అంటూ ఆయనే ముందు పరిగెత్తాడు. ఆరోజు ఇద్దరికీ చాలినంత వ్యాయామం అయింది. స్టాపు రాగానే జేబులోంచి మూత తీసి, "ఇంజన్లో నీళ్ళు పొయ్యి," అని అందించేవాడు. ఆమె కటకటలాడుతూనే తాగేది గాని, ఆయన చూడనప్పుడు ఆయన మడమల మీద లేచిన పొక్కులు చూసి ఆమెకి కళ్ళు చెమ్మగిల్లేవి.

సెలవు అయిపోయి పనిలోకి వెళ్ళేసరికి సగం మనిషైంది. ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పొద్దని భర్త చేత ఒట్టు వేయించుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆమె నిజంగానే చించుకుని వచ్చింది కాబట్టి మరింత జాగ్రత్తగా ఉంది. ఆఫీసులో మాత్రం కడుపులో రాయి ఉంటే తీశారని చెప్పింది.

"ఇంత తగ్గావు, ఎంత రాయి ఉండి ఉంటుందక్కా!" అన్నాడు ఓ కండక్టరు.

"రాయి కాదురా, కొండే ఉండి ఉంటుంది. లారీ పెట్టి తోలించారేమో," అన్నాడు ఇంకొకడు. డిపో అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆమె మాత్రం రెండు చేతులతో పొట్ట పట్టుకుని నవ్వు ఆపుకుంది, తనది నిజంగానే చెక్కలవుతుందేమోనని భయం.

అసలు కష్టం మైకు దగ్గర మొదలైంది. పొద్దునపూట ఒక అనౌన్స్‌మెంటుకీ ఇంకోదానికీ మధ్య ఈగ దూరే సందుండదు. వాక్యం సగంలోనే నాలుక ఎండి అంగిలికి అతుక్కునేది. మైకు కట్టేసి తాగుదామా అంటే, కట్టేసి తెరిచినప్పుడల్లా అది "టింగ్ టాంగ్" అని గంట కొడుతుంది, జనం కొత్త వార్తేదో వస్తోందని తలలెత్తుతారు. అందుకని మైకు తెరిచే ఉంచి, వాక్యం మధ్యలో మూతెడు నీళ్ళు నోట్లో పోసుకుని, నమిలి, మింగడం మొదలుపెట్టింది.

ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. అసలు సంగతి ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది. వస్తాడో రాడో, ఇస్తాడో ఇవ్వడో, వాక్యం తోక కనబడేదాకా తేలదు. ఏకబిగి ఏకబిగిన చెప్పినన్నాళ్ళూ ఆ చిక్కు ఎవరికీ తెలియలేదు.

"కొండవైపు వెళ్ళే బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం నుంచి ఇప్పుడే..."

అని ఆగి నీళ్ళు పోసుకుంది. బస్టాండులో కొండవైపు వెళ్ళేవాళ్ళందరూ పిల్లల్నీ పెట్టెల్నీ చంకనేసుకుని మూడో ప్లాట్‌ఫారం వైపు పరుగందుకున్నారు. ఓ ముసలాయన చేతికర్ర మరిచిపోయి మరీ పరిగెత్తాడు. అందరూ చేరుకుని ఎక్కడానికి బస్సు కోసం వెతుక్కుంటుండగా స్పీకర్లలోంచి "గుటుక్" అని వినిపించింది.

"...బయలుదేరడం లేదు," అంది ఆ తియ్యటి గొంతు.

ఆ పూట అలాగే అయిదారు మందలు ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తాయి. ఆమెకి నర్సు చెప్పిన వ్యాయామం ఊరంతా చేసింది. మధ్యాహ్నానికల్లా పిల్లలు బెంచీల మీద కూర్చుని "గుటుక్" అనడం నేర్చుకున్నారు. పెద్దవాళ్ళు నవ్వారు. అద్దాల వెనక నుంచి ఆమె అదంతా చూసింది. ఎవరూ నవ్వని ఆ ఒక్కటి కూడా నవ్వులపాలైంది.

మేనేజరు పిలిపించాడు. ఆయన బక్కపలచటి మనిషి, ఎవరేం చెప్పబోయినా ముందే "నీళ్ళు నమలకుండా చెప్పు" అనడం ఆయనకి ఊతపదం.

"ఏమ్మా, ఏమిటా గుటకలు? మైకు చెడిందా, నీకేమైనా అయిందా? నీళ్ళు నమలకుండా చెప్పు."

నోట్లో అప్పుడే పోసుకున్న మూతెడు నీళ్ళున్నాయి. నమలకుండా చెప్పడం ఆమె వల్ల కాలేదు. మింగలేక, కక్కలేక నిలబడింది.

"సరే, నువ్వు చెప్పవు. ఇంకోసారి జనం అటూ ఇటూ పరిగెత్తారో, మైకు ఇంకొకరికిచ్చి నిన్ను పార్సిల్ కౌంటరుకి పంపేస్తాను."

పార్సిల్ కౌంటరు బస్టాండు నడిమధ్యలో ఉంది. దానికి నల్ల అద్దాలు లేవు, అసలు అద్దాలే లేవు. వచ్చేపోయే జనమంతా చూసేలా నిలబడాలి, మైకు ఉండదు. ఆమె నీరుగారిపోయి ఇంటికెళ్ళింది.

"దీనికింత ఏడుపెందుకోయ్," అన్నాడు భర్త. "చివర్లో చెప్పేది ముందే చెప్పెయ్. రద్దయితే రద్దయిందని మొదలుపెట్టు. తర్వాత ఎంతసేపు నమిలినా నిన్నడిగేవాడు లేడు."

డ్రైవరు బుర్రలో ఇంత తెలివుందని ఇన్నేళ్ళ కాపురంలో తెలియలేదని ఆమె మురిసిపోయింది. మర్నాడు మొదటి ఊపులోనే అమలు చేసింది.

"రద్దయింది!" అని, నీళ్ళు పోసుకుంది.

ఏది రద్దయిందో తెలియలేదు కాబట్టి అన్నీ రద్దయ్యాయనుకున్నారు జనం. కదలబోతున్న బస్సుల్లోంచి కూడా తలుపుల వెంటా కిటికీల వెంటా దూకారు. సీటు మీద చేతిరుమాలు వేసి పట్టుకున్నవాళ్ళు ఏడుపు మొహాలతో దిగారు. అందరూ విచారణ కౌంటరు మీద పడ్డారు. లోపలున్న గుమస్తా బల్ల కిందికి దూరాడు.

"...నదివైపు వెళ్ళే మధ్యాహ్నపు బస్సు," అంది గొంతు, "గుటుక్" తర్వాత.

దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కబోతే సీట్లలో వేరేవాళ్ళున్నారు. ఆ కొట్లాటలు తెమిలేసరికి మేనేజరుకి మూడు చెరువుల నీళ్ళు తాగినంత పనైంది. ఆయన మెట్ల కింద నిలబడి పైకి చూసి, "ఇదే ఆఖరుసారి!" అని అరిచాడు. భర్త ఆ రోజు ఇంటికి కాస్త ఆలస్యంగా, పిల్లిలా వచ్చాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఏకబిగి డ్యూటీలో నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున మూత సంచీలో వేసుకునేది, సాయంత్రం పొడిగానే తీసుకెళ్ళేది. భర్త "పోశావా?" అంటే "పోశానండీ" అనేది. మళ్ళీ పాత గొంతు వచ్చింది, గుక్క తిప్పుకోకుండా బస్సులన్నిటినీ ఒక్క తాడున కట్టి లాగేసింది. పిల్లలు "గుటుక్" అనడం మానేశారు. మేనేజరు మీసం దువ్వుకున్నాడు. ఆమెకి మాత్రం పెదాలు పగిలాయి, తల దిమ్ముగా ఉంది, సాయంత్రం నడకలో నీలం గేటు దగ్గరే చతికిలబడింది. అయినా మైకుకి నీళ్ళొదులుకోవడం కంటే, నీళ్ళకే నీళ్ళొదులుకోవడం నయమనుకుంది. మొండితనంలో ఆమెకి సాటి లేదు.

ఎండ మండిపోతున్న ఓ పూట, బస్టాండు కిటకిటలాడుతుండగా, స్పీకర్లు ఇలా అన్నాయి.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు... తిరుగుతోంది."

జనం ఐదో ప్లాట్‌ఫారం వైపు చూశారు. బస్సు ఉన్నచోటే ఉంది.

"ఆరో నంబరు ప్లాట్‌ఫారం కూడా తిరుగుతోంది. మేనేజరుగారు కూడా... తిరుగుతున్నారు. ఐదో ప్లాట్‌ఫారం మీద ఉన్న మా ఆయనకు ముఖ్య గమనిక. నేను... పొయ్యలేదండీ. అబద్ధం చెప్పాను."

తర్వాత "ధబ్" అని చప్పుడైంది.

ఐదో ప్లాట్‌ఫారం మీది డ్రైవరు చేతికందిన డబ్బా పట్టుకుని దూకాడు. అది రేడియేటరు డబ్బా. కాలినడకే రాని మనిషి ఇనుప మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. కాసేపటికి ఆమెని పొదివి పట్టుకుని కిందికి దించి, నీడలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. స్పృహ ఉంది గాని మొహం పాలిపోయింది. బస్టాండంతా చుట్టూ మూగింది, తలా ఒక సీసా చాపింది.

"తాగమ్మా!" "గట్టిగా పట్టించండి!" "ఈ సీసా మొత్తం పొయ్యండి!"

"ఎవరూ పొయ్యొద్దు!" అని డ్రైవరు చేతులు అడ్డం పెట్టాడు. "ఒక్కో గుటకే! తోసుకోకండి, ఎక్కేవాళ్ళు వరసలో రండి!"

ఎవరో శుభ్రమైన సీసా ఇచ్చారు. ఆయన నడకప్పుడు వాడే మూత జేబులోంచి తీసి, పోసి, ఆమె పెదాలకి అందించాడు. అప్పుడే మేనేజరు రొప్పుతూ, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఏమైందమ్మా నీకు? ఇప్పటికైనా నీళ్ళు నమలకుండా చెప్పు!"

ఆమె చెయ్యెత్తి ఆగమంది. నిమ్మళంగా నమిలింది. గుటుక్కున మింగింది.

"నమలాల్సిందే సార్," అంది. "నర్సు నమలమంది. నాకు రాయీ లేదు, రప్పా లేదు. లావు తగ్గడానికి పొట్ట కోయించుకున్నాను. గుటక గుటకకీ ఆగి తాగకపోతే ఇదిగో, ఇలా పడతాను."

చెప్పేసింది. పడాల్సిందేదో కాళ్ళ మీద పడిపోయింది. వంద మంది ఎదురుగా, నల్ల అద్దాలు లేకుండా, చెదిరిన జుట్టుతో, వదులైపోయిన బట్టలతో కూర్చుంది. నవ్వుతారు కాబోలని తల దించుకుంది.

గుంపులోంచి ఓ ముసలావిడ మోచేతులతో దారి చేసుకుని సంచీతో ముందుకొచ్చింది. "ఇదంతా సరేగాని నాయనా, ఆ మైకులో చెప్పే అమ్మాయేది? నా బస్సు సంగతి అడగాలి."

టీకి వెళ్ళిందని చెప్పడానికి నోటిదాకా వచ్చింది.

"నేనేనండీ, మామ్మగారూ," అంది.

ముసలావిడ కళ్ళజోడు సర్దుకుని ఆమెని ఎగాదిగా చూసింది.

"నువ్వా? మరి ఇక్కడ కూర్చున్నావేం? నదివైపు వెళ్ళే నా బస్సుందా, లేదా?"

అంతే. అంతకన్నా ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. ఏకబిగికి నవ్వొచ్చింది, కుట్లు నొప్పెట్టినా ఆపుకోలేదు. అద్దాల గది వైపు చూసింది. అక్కర్లేదనుకుంది, మైకు లేకుండానే గొంతెత్తింది.

"మామ్మగారూ, మీ బస్సు నాలుగో నంబరు ప్లాట్‌ఫారం నుంచి ఇప్పుడే..."

నాలుక ఎండింది. భర్త మూత అందించాడు. ఆమె నీళ్ళు నోట్లో పోసుకుని నమలసాగింది.

ముసలావిడ ఒక కాలు ముందుకేసింది. వేసిన కాలు వేసినట్టే ఆపింది. నాలుగో ప్లాట్‌ఫారానికి వెళ్ళాల్సినవాళ్ళు పెట్టెలెత్తారు, ఎత్తి అలాగే నిలబడ్డారు. ఒక్కరూ పరిగెత్తలేదు. ఆమధ్య "గుటుక్" అని వెక్కిరించిన పిల్లలు కూడా నోళ్ళు తెరుచుకుని ఆమె నోటికేసి చూస్తున్నారు. ఆమె తొందరపడలేదు. ఎంత నమలాలో అంత నమిలింది, మింగింది.

"...బయలుదేరుతుంది."

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలి తమ దారిన కదిలారు. మేనేజరు అదంతా చూస్తూ నిలబడ్డాడు. ఎండలో పరిగెత్తుకొచ్చాడేమో, ఆయన మొహమంతా చెమట.

"చూడమ్మా," అన్నాడు. "రేపటినుంచి నిన్ను ఆ పార్సిల్ కౌంటరుకి..."

గొంతు పట్టేసింది. డ్రైవరు చేతిలోంచి మూత లాక్కుని, సీసాలోంచి నీళ్ళు పోసుకుని నోట్లో వేసుకున్నాడు. భర్త ఆమె భుజం పట్టుకున్నాడు. బస్సు మెట్టు మీద ఒక కాలు వేసిన ముసలావిడ కూడా వెనక్కి తిరిగి చూస్తోంది. మేనేజరు పుణ్యాత్ముడు, నమిలాడు, నమిలాడు, చివరికి మింగాడు.

"...పంపను," అన్నాడు.